మింగేది ఎంత, ఒంటికి పట్టేది ఎంత: మందులు, సప్లిమెంట్లలో ఏ రూపం ఎవరికి?

ఎముకలు గుల్లబారినవారికి వారానికోసారి ఇచ్చే అలెండ్రోనేట్ మాత్రలో 70 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. చెప్పినట్టే పరగడుపున, మంచినీళ్లతో వేసుకున్నా రక్తంలోకి చేరేది 0.7 శాతం లోపే. అంటే అర మిల్లీగ్రాము కూడా ఉండదు. అయినా ఆ మందు పనిచేస్తుంది, ఎందుకంటే ఆ నష్టాన్ని ముందే లెక్కలోకి తీసుకుని మోతాదు 70గా పెట్టారు. అదే మాత్రను కాఫీతోనో నారింజ రసంతోనో మింగితే ఆ కాస్తలోనూ దాదాపు 60 శాతం పోతుంది. లెక్క తప్పేది అక్కడ.

"రెట్టింపు శోషణ" (అంటే రెండింతలు ఒంటికి పడుతుంది) అని రాసి ఉన్న డబ్బా చూసి ఆశపడేవారు మొదట గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. శోషణ శాతం తక్కువైనా ఫర్వాలేదు, రోజూ ఒకేలా ఉంటే చాలు. రోజుకో రకంగా మారితేనే చిక్కు. కాబట్టి ఖరీదైన రూపానికి మారే ముందు మూడు విషయాలు సరిచూసుకోవాలి: వేసుకునే వేళ, కడుపులో ఆమ్లం పరిస్థితి, అదే సమయంలో మింగుతున్న మిగతా మందులు. ఈ మూడూ కుదిరితే చాలామందికి మామూలు మాత్రే సరిపోతుంది. ఎవరికి సరిపోదో కింద చూద్దాం.

నోటితో తీసుకున్నది రక్తంలో కలవాలంటే మూడు చోట్ల గట్టెక్కాలి. ముందు కడుపులోనో పేగులోనో కరగాలి. తర్వాత పేగు గోడ దాటాలి. దాటినది నేరుగా ఒళ్లంతా తిరగదు, ముందు కాలేయానికి వెళ్తుంది, అక్కడ కొంత విరిగిపోతుంది. నోటితో తీసుకున్న మార్ఫిన్‌లో రక్తానికి దక్కేది సుమారు మూడో వంతు, రక్తపోటుకు వాడే ప్రొప్రనలాల్‌లో పావు వంతు. ఛాతీనొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్‌ను మింగితే కాలేయం దాదాపు అంతా విరిచేస్తుంది. అందుకే దాన్ని నాలుక కింద పెట్టుకోమంటారు, అక్కడి రక్తనాళాలు కాలేయాన్ని తప్పించుకుని గుండెకు చేరుస్తాయి. ఇంతకీ ఒక రూపం మేలా కాదా అనేది, ఆ మందుకు ఈ మూడింటిలో ఎక్కడ అడ్డు తగులుతోందో దాన్ని బట్టే ఉంటుంది. కరగడంలో ఇబ్బంది లేని మందును మరింత బాగా కరిగేలా చేసి అమ్మితే కొనేవారికి ఒరిగేదేమీ లేదు.

ఐరన్

ఎక్కువ మంది తప్పుగా ఎంచుకునేది ఇక్కడే. లేబుల్ మీద లవణం (ఐరన్ కలిసి ఉన్న రసాయనం) బరువు ఉంటుంది, ఒంటికి కావాల్సింది అందులోని అసలు ఐరన్. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో అది సుమారు 33 శాతం, నీటి అణువులతో కూడిన ఫెర్రస్ సల్ఫేట్‌లో 20 శాతం, ఫెర్రస్ గ్లూకోనేట్‌లో 12 శాతం. 325 మి.గ్రా. ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలోనూ, నీరు తీసేసిన 200 మి.గ్రా. ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలోనూ ఉండేది అదే 65 మి.గ్రా. ఐరన్. 300 మి.గ్రా. గ్లూకోనేట్ మాత్రలో మాత్రం 35 మి.గ్రా. మాత్రమే. గ్లూకోనేట్ కడుపుకు సుఖంగా ఉంటుందన్న పేరు చాలావరకు ఈ తక్కువ ఐరన్ వల్ల వచ్చిందే.

పేగు గోడ మీద ఐరన్‌ను లోపలికి లాగే వాహకం ఫెర్రస్ రూపాన్నే పట్టుకుంటుంది. ఫెర్రిక్ రూపంలో ఉన్నది ముందు ఫెర్రస్‌గా మారాలి. పాలీమాల్టోజ్, పాలీశాకరైడ్ వంటి కాంప్లెక్స్‌లు ఫెర్రిక్ రకానివి. వాటికి రుచి బాగుంటుంది, పళ్లకు మరకలు తక్కువ, భోజనంతో వేసుకోవచ్చు. మరి పని? 2017లో రక్తహీనత ఉన్న చిన్నపిల్లల్లో ఫెర్రస్ సల్ఫేట్‌ను, పాలీశాకరైడ్ కాంప్లెక్స్‌ను 12 వారాల పాటు పోల్చి చూస్తే హిమోగ్లోబిన్ ఎక్కువ పెరిగింది ఫెర్రస్ సల్ఫేట్ చుక్కలతోనే. కాబట్టి వరుస ఇలా పెట్టుకోవచ్చు: మొదట ఫెర్రస్ సల్ఫేట్ లేదా ఫ్యూమరేట్, కడుపు అస్సలు ఒప్పుకోకపోతే మోతాదు తగ్గించడం లేదా రోజు విడిచి రోజు వేయడం, అప్పటికీ కుదరకపోతే ఫెర్రస్ బిస్‌గ్లైసినేట్, ఆఖరున ఫెర్రిక్ కాంప్లెక్స్. పేగులో కరిగే పూత ఉన్న ఐరన్ మాత్రలు జాబితాలోనే అక్కర్లేదు. ఐరన్ ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. పూత కరిగేసరికి మాత్ర ఆ భాగం దాటిపోతుంది. అవి కడుపుకు హాయిగా అనిపించడానికి కారణమూ అదే.

రోజూనా, రోజు విడిచి రోజా అన్నది లవణం ఎంపిక కంటే పెద్ద విషయం. 60 మి.గ్రా. ఐరన్ పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది, అది పేగు తలుపులు మూసేస్తుంది. ఆ ప్రభావం దాదాపు ఒక రోజు ఉంటుంది. ఐరన్ నిల్వలు తగ్గిన యువతుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో రోజూ వేసుకున్నవారికి పట్టింది 16.3 శాతం, రోజు విడిచి రోజు వేసుకున్నవారికి 21.8 శాతం. పూటకొకటి చొప్పున రెండుసార్లు వేసుకుంటే రెండో మాత్రలో ఎక్కువ భాగం పేగులోనే మిగిలి మలబద్ధకం తెస్తుంది. తీవ్ర రక్తహీనతలోనూ గర్భిణులకూ వైద్యులు రోజువారీ మోతాదే ఇవ్వవచ్చు, అక్కడ వారి మాటే వినాలి.

ఐరన్‌ను పరగడుపున గానీ, భోజనమైన రెండు గంటల తర్వాత గానీ మంచినీళ్లతో వేసుకోవాలి. టీ, కాఫీ దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. 1983 నాటి ప్రయోగంలో భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఐరన్‌ను అడ్డుకోలేదు. గంట తర్వాత తాగినది మాత్రం భోజనంతో కలిపి తాగినంతగానే అడ్డుకుంది. అందుకని కాఫీ తాగాలనుకుంటే ముందే తాగేయడం మేలు, లేదంటే తిన్నాక రెండు గంటలు ఆగాలి. విటమిన్ సి మాత్ర ఆహారంలోని ఐరన్‌కు సాయపడుతుంది కానీ, ఫెర్రస్ మాత్రతో పాటు విడిగా కొన్నందువల్ల హిమోగ్లోబిన్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2020లో పరీక్షించి చూశారు.

మలం నల్లగా రావడం మామూలే. తారులా జిగురుగా, దుర్వాసనతో ఉంటే అది రక్తస్రావం కావచ్చు. సరిగ్గా వేసుకున్నా నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే మాత్ర మార్చి లాభం లేదు. సీలియాక్ జబ్బు (గోధుమ పడక పేగు దెబ్బతినేది), కడుపులో చేరే హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా, ఎక్కడో ఆగని రక్తస్రావం, ఆమ్లాన్ని తగ్గించే మందులు, వీటిని వెతకాలి. పేగు పీల్చుకోలేని పరిస్థితి అని తేలితే నరానికి ఇచ్చే ఐరన్‌దే పని.

కాల్షియం: కార్బొనేటా, సిట్రేటా

కార్బొనేట్‌లో 40 శాతం కాల్షియం, సిట్రేట్‌లో 21 శాతం. అందుకే 500 మి.గ్రా. కాల్షియానికి 1,250 మి.గ్రా. కార్బొనేట్ ఒక మాత్రలో ఇమిడిపోతుంది. అదే సిట్రేట్‌తో అయితే రెండు పెద్ద మాత్రలు మింగాలి. కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి, సిట్రేట్‌కు అవసరం లేదు.

కడుపు మామూలుగా ఉండి, భోజనంతో పాటు వేసుకోగలిగినవారికి కార్బొనేట్ చాలు. ఆమ్లం ఊరనివారిలో సైతం భోజనంతో ఇస్తే కార్బొనేట్ పట్టిందనీ, ఖాళీ కడుపుతో ఇస్తే దాదాపు పట్టలేదనీ 1985లోనే చూపించారు. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటివి నెలల తరబడి వాడేవారికి, వేళకు తినలేని పెద్దవారికి, కార్బొనేట్‌తో కడుపు ఉబ్బరం వచ్చేవారికి సిట్రేట్ మేలు. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు ఏదైనా భోజనంతోనే వేసుకోవాలి. ఆహారంలోని ఆక్సలేట్‌ను కాల్షియం పేగులోనే పట్టేసుకుంటుంది, రక్తంలోకి పోనివ్వదు.

ఒక్కసారికి 500 మి.గ్రా. దాటితే పట్టే శాతం పడిపోతుంది. రోజుకు 1,000 కావాలంటే రెండు భోజనాలకు పంచుకోవాలి. అన్నీ ఒకే మాత్రలో ఉండే మల్టీవిటమిన్‌లో కాల్షియం, ఐరన్, జింక్ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. లోపం లేనివారికి ఆ మాత్ర సరిపోవచ్చు గానీ ఐరన్ లోపాన్ని సరిదిద్దడానికి మాత్రం పనికిరాదు.

మెగ్నీషియం, జింక్, ఫోలిక్ ఆమ్లం

మెగ్నీషియం ఆక్సైడ్‌లో లోహం బరువు 60 శాతం, సిట్రేట్‌లో 16 శాతం. చూడ్డానికి ఆక్సైడ్ లాభసాటిగా ఉంటుంది. కానీ అది సరిగా కరగదు, పట్టేది చాలా తక్కువ, మిగిలినది పేగులోకి నీటిని లాగి విరేచనం చేయిస్తుంది. మలబద్ధకానికి అదే కావాలి. లోపం తీర్చడానికైతే సిట్రేట్ లేదా గ్లైసినేట్. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఏదీ సొంతంగా మొదలుపెట్టకూడదు.

జింక్ విషయంలో తేడా చిన్నది. ఆహారం లేకుండా ఇచ్చి కొలిచినప్పుడు సిట్రేట్, గ్లూకోనేట్ సుమారు 60 శాతం, ఆక్సైడ్ 50 శాతం పట్టాయి. అంతకంటే గమనించాల్సింది ఎక్కువ మోతాదును నెలల తరబడి వాడితే రాగి లోపం వస్తుందన్నది. ఇక ప్రకృతిసిద్ధమైనదే బాగా పడుతుందన్న నమ్మకానికి ఫోలిక్ ఆమ్లం మంచి జవాబు: ఆహారంలోని ఫోలేట్ సగం దాకా పడితే, తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆహారంతో కలిపినా 85 శాతం పడుతుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమే ఎంచుకోవాలి. బిడ్డ వెన్నుపాము లోపాలను తగ్గిస్తుందని నిరూపణ ఉన్నది ఆ రూపానికే.

బి12: ఇంజెక్షనా, మాత్రా

బి12 పట్టడానికి కడుపు గోడ తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ తోడు కావాలి. ఆ దారిలో ఒక్కసారికి 2 మైక్రోగ్రాములకు మించి వెళ్లదు. దానితో సంబంధం లేకుండా మింగిన దాంట్లో సుమారు ఒక శాతం నేరుగా గోడలోంచి జారిపోతుంది. 10 మైక్రోగ్రాముల మాత్రకు ఆ ఒక శాతం లెక్కలోకే రాదు. 1,000 మైక్రోగ్రాముల మాత్రకైతే అదే 10 మైక్రోగ్రాములు, పెద్దవారి రోజువారీ అవసరం 2.4. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ పూర్తిగా లేనివారికి సైతం పెద్ద మోతాదు మాత్ర పనిచేయడం వెనుక ఉన్న లెక్క ఇంతే.

చేతులు కాళ్లు తిమ్మిర్లు, నడక తూలడం, మతిమరుపు, తీవ్ర రక్తహీనత ఉంటే ముందు ఇంజెక్షన్. నరాలు కోలుకునే సమయంలో మాత్ర పడుతుందా లేదా అని ఎదురుచూడకూడదు. మిగతావారికి రోజుకు 1,000 మైక్రోగ్రాముల మాత్ర చాలు. మెట్‌ఫార్మిన్, ఆమ్లం తగ్గించే మందులు ఏళ్లుగా వాడుతున్నవారూ ఇందులోకే వస్తారు. నాలుక కింద పెట్టుకునే బి12 మామూలు మాత్ర కంటే మెరుగని తేలలేదు. బి12లో మిథైల్ రూపం కంటే సయనోకోబాలమిన్ రూపం చవక, నిల్వకు నిలకడైనది. దాన్ని కాదని మిథైల్‌కు ఎక్కువ పెట్టడానికి గట్టి కారణం కనిపించదు.

విటమిన్ డి గురించి క్లుప్తంగా: రక్తంలో స్థాయిని ఎక్కువగా, ఎక్కువకాలం నిలిపేది డి3, డి2 కాదు. రోజులో కొవ్వు ఎక్కువ ఉండే భోజనంతో వేసుకోవాలి. కొవ్వులేని భోజనంతో పోలిస్తే కొవ్వున్న భోజనంతో దాదాపు మూడో వంతు ఎక్కువ పట్టినట్టు 2015లో కొలిచారు. కొవ్వే జీర్ణం కాని జబ్బుల్లో డి3 మోతాదు పెంచుకుంటూ పోయే బదులు, నీటిలో కొంత మెరుగ్గా కలిసే విటమిన్ డి రూపమైన కాల్సిఫెడియాల్ గురించి వైద్యుణ్ని అడగాలి.

మాత్ర, సిరప్, పూత, నెమ్మదిగా విడుదలయ్యే రకం

ద్రవం, నీళ్లలో కరిగే మాత్ర, క్యాప్సూల్, మామూలు మాత్ర, పూత మాత్ర: పని మొదలయ్యే వేగం సాధారణంగా ఈ వరుసలో తగ్గుతుంది. వేగం వేరు, మొత్తం వేరు. నీళ్లలో కరిగించే పారాసిటమాల్ త్వరగా పైకి లేస్తుంది, రక్తంలోకి చేరే మొత్తం మాత్రతో సమానమే. తలనొప్పికి ఆ వేగం విలువైనది, రోజూ వేసుకునే రక్తపోటు మందుకు దానితో పనిలేదు.

పూతలు రెండు రకాలు, వాటిని కలగాపులగం చేసుకోకూడదు. పాంటాప్రజోల్ పూత మందును కడుపు ఆమ్లం నుంచి కాపాడుతుంది, నలిపితే మందు కడుపులోనే చెడిపోతుంది. ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని రాసినవి రోజంతటికీ సరిపడే మందును నెమ్మదిగా వదులుతాయి; నిఫెడిపిన్ లాంటిదాన్ని నలిపితే ఆ మొత్తం ఒక్కసారి పడి రక్తపోటు కుప్పకూలవచ్చు. మింగడం కష్టమైనవారు నలిపేముందు ద్రవ రూపం ఉందేమో అడగాలి. ఒమెప్రజోల్ గుళికలున్న క్యాప్సూల్‌ను విప్పి, గుళికలను నమలకుండా ఆపిల్ గుజ్జు లాంటి పుల్లటి మెత్తటి పదార్థంలో కలిపి మింగవచ్చు. కొన్ని నెమ్మది మాత్రల ఖాళీ పెంకు మలంలో చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. కంగారు అక్కర్లేదు, అందులోని మందు అప్పటికే బయటికి వచ్చేసి ఉంటుంది.

ఖాళీ కడుపా, భోజనంతోనా

"తిన్నాక వేసుకోండి" అనే సూచన వెనుక రెండు వేర్వేరు కారణాలు ఉంటాయి. ఐబుప్రొఫెన్, మెట్‌ఫార్మిన్ విషయంలో అది కడుపు సుఖం కోసం. తప్పితే కడుపులో తిప్పడమో మంటో వస్తుంది, మందు మాత్రం పనిచేస్తుంది. కింది పట్టికలోనివి అలా కాదు, వీటిలో ఆహారమే మోతాదును మార్చేస్తుంది.

| మందు | ఎలా | తప్పితే ఏమవుతుంది |
|---|---|---|
| రివరోక్సబాన్ (రక్తం గడ్డకట్టకుండా వాడేది) 15, 20 మి.గ్రా. | భోజనంతో | ఖాళీ కడుపుతో మూడింట రెండు వంతులే పడుతుంది, గడ్డకట్టే ముప్పు |
| ఆర్టిమీథర్-ల్యూమెఫాంట్రిన్ | కొవ్వున్న ఆహారంతో | ల్యూమెఫాంట్రిన్ పట్టడం చాలా తగ్గి మలేరియా తిరగబెట్టవచ్చు |
| ఇట్రాకొనజోల్ (ఫంగస్ మందు) క్యాప్సూల్ | భోజనంతో | ఆమ్లం చాలక కరగదు |
| ఇట్రాకొనజోల్ ద్రావణం | ఖాళీ కడుపుతో | ఆహారంతో తగ్గుతుంది |
| రిఫాంపిసిన్ (క్షయ మందు) | తినడానికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత | రక్తంలో గరిష్ఠ స్థాయి తగ్గుతుంది |
| లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) | అల్పాహారానికి 30–60 నిమిషాల ముందు | టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) కారణం తెలియకుండా పెరుగుతుంది |
| సిప్రోఫ్లాక్ససిన్ (యాంటీబయాటిక్) | కాల్షియం, ఐరన్‌కు 2 గంటల ముందు లేదా 6 గంటల తర్వాత | లోహానికి అతుక్కుని మలంలో పోతుంది |

ఇట్రాకొనజోల్‌ను రెండు వరుసల్లో పెట్టింది పొరపాటున కాదు. ఒకే మందు రూపం మారితే నియమం తలకిందులవుతుంది. ఆల్బెండజోల్‌దీ ఇలాంటి కథే: పేగులో నులిపురుగులకైతే రక్తంలోకి వెళ్లాల్సిన పని లేదు, మెదడులో తిత్తులకు ఇచ్చినప్పుడు కొవ్వున్న భోజనంతో అయిదు రెట్ల దాకా ఎక్కువ పడుతుంది, అక్కడ కావాల్సింది అదే.

శోషణ పెంచేవన్నీ మేలు చేస్తాయనుకోకూడదు. గ్రేప్‌ఫ్రూట్ రసం పేగు గోడలో మందును విరిచే ఎంజైమును పాడుచేస్తుంది, దాంతో రక్తపోటు మందు ఫెలోడిపిన్, కొలెస్ట్రాల్ మందు సిమ్వాస్టాటిన్ రక్తంలో ఎక్కువవుతాయి. ప్రభావం ఒక రోజుకు పైగా ఉంటుంది కాబట్టి ఉదయం రసం, రాత్రి మాత్ర అనే సర్దుబాటు పనిచేయదు. దానికి దగ్గరి బంధువైన పంపరపనసతోనూ జాగ్రత్త. పసుపులోని కర్క్యుమిన్‌కు మిరియాల పైపెరిన్ కలిపి అమ్మే క్యాప్సూళ్ల మీద కనిపించే "2,000 శాతం" 1998 నాటి చిన్న అధ్యయనం నుంచి వచ్చింది. విడిగా ఇచ్చిన కర్క్యుమిన్ రక్తంలో దాదాపు కనిపించనే లేదు, అంత చిన్న అంకెకు ఎన్ని రెట్లయినా చిన్నదే. పైగా పైపెరిన్ మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, ప్రొప్రనలాల్ స్థాయులనూ పెంచుతుంది. ఆ మందులు వాడేవారు ఇలాంటి క్యాప్సూళ్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

బ్రాండా, జెనరిక్కా

జెనరిక్ మందు రక్తంలోకి చేరే మొత్తం, గరిష్ఠ స్థాయి అసలు మందుతో పోల్చినప్పుడు 90 శాతం విశ్వాస అంతరం (పరీక్షలో వచ్చిన సగటు చుట్టూ అసలు విలువ ఉండగల పరిధి) మొత్తం 80 నుంచి 125 శాతం మధ్యే ఉండాలి. 20 శాతం తక్కువ మందు ఉన్నా ఫర్వాలేదని దీనికి అర్థం కాదు. సగటు అంత దూరం జరిగితే ఆ అంతరం హద్దు దాటిపోతుంది, మందు తప్పుతుంది. చాలా మందులకు జెనరిక్ నిశ్చింతగా తీసుకోవచ్చు.

జాగ్రత్త పడాల్సినవి మోతాదులో కొద్ది తేడాకే బెడిసికొట్టేవి. 1968లో ఆస్ట్రేలియాలో ఫెనిటోయిన్ క్యాప్సూళ్లలో పూరకంగా ఉన్న కాల్షియం సల్ఫేట్‌ను తీసి లాక్టోజ్ పెట్టారు. మందు మోతాదు మారలేదు. కానీ అప్పటిదాకా కొంత మందును పట్టి ఉంచిన కాల్షియం పోవడంతో ఎక్కువ పట్టి, మూర్ఛ రోగుల్లో విషలక్షణాలు బయటపడ్డాయి. ఫెనిటోయిన్, లెవోథైరాక్సిన్, వార్ఫరిన్, డిగాక్సిన్, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వాడేవారు బ్రాండైనా జెనరిక్కైనా ఒకే తయారీదారు దగ్గర ఉండటం మంచిది. మార్చక తప్పకపోతే వైద్యుడికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

అన్నీ ఒకరికే పడితే

థైరాయిడ్ మాత్ర, ఐరన్, కాల్షియం, విటమిన్ డి, పాంటాప్రజోల్ ఒకే మనిషికి ఉంటే రోజును ఇలా సర్దవచ్చు. 6 గంటలకు లెవోథైరాక్సిన్, గ్లాసు నీళ్లతో. 6:30కు పాంటాప్రజోల్. 7 గంటలకు కాఫీ, అల్పాహారం. 10:30కు ఐరన్, ఆ తర్వాత కనీసం రెండు గంటలు టీ వద్దు. 1 గంటకు భోజనంతో 500 మి.గ్రా. కాల్షియం, డి3. రాత్రి భోజనంతో మిగతా 500. లెవోథైరాక్సిన్‌కు ఐరన్, కాల్షియం రెండింటితోనూ నాలుగు గంటల ఎడం కావాలి, ఈ పట్టికలో అది దొరుకుతుంది.

పొద్దున కాఫీకి ఆగలేనివారు లెవోథైరాక్సిన్‌ను పడుకునే ముందుకు జరుపుకోవచ్చు, చివరి భోజనానికీ దానికీ మూడు గంటలు ఉండాలి. అప్పుడు రాత్రి కాల్షియాన్ని పగటి భోజనాలకు మార్చాలి. మధ్యలో సిప్రోఫ్లాక్ససిన్ కోర్సు వస్తే గంటలు లెక్కపెట్టుకోవడం కంటే వైద్యుణ్ని అడిగి ఆ కొద్దిరోజులు ఐరన్, కాల్షియం ఆపేయడమే సులువు. వేళ మార్చినా, ఐరన్ మొదలుపెట్టినా ఆపినా, పాంటాప్రజోల్ మానేసినా 6 నుంచి 8 వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. అంతకు ముందే చూస్తే పాత మోతాదు ప్రభావమే ఇంకా అంకెలో కనిపిస్తుంది.